బీడు కింది బతుకు

మా నందికొట్కూరు వైపు పెద్దవాళ్లు రోళ్లపాడు బీడు పేరెత్తితే బట్టమేక పిట్ట గురించే చెబుతారు. మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన నాకు మాత్రం ఆ గడ్డి కింద జరిగిందే అసలు చరిత్ర.

1839లో ఈస్టిండియా కుంపిణీ మా ప్రాంతాన్ని ఏలే కర్నూలు నవాబును దించింది. తర్వాతి రెవెన్యూ లెక్కల్లో శిస్తు కట్టని నేల బంజరయింది. ఆ బంజరులోనే కురువలు గొర్రెలు మేపారు, కోతలయ్యాక రైతుల చేలల్లో మంద కట్టారు. మంద ఒకచోట నిలవదు గనుక గడ్డి తేరుకునేది.

ఏళ్ల తరబడి బతికే నెంద్ర లాంటి గడ్డి వేళ్లను శిలీంధ్రాలు అంటిపెట్టుకుని ఉంటాయి. వెంట్రుక కన్నా సన్నని పోగులు చాచి భాస్వరం తెచ్చిస్తాయి, బదులుగా గడ్డి వాటికి చక్కెర పెడుతుంది. సున్నం ఎక్కువైన నల్లరేగడిలో భాస్వరం బిగుసుకుపోతుంది, అక్కడ ఈ బేరం మరీ అవసరం. మట్టిని గుల్లగా పట్టి ఉంచేదీ ఆ పోగులే.

సాగు పెరిగి మేతభూమి తగ్గేకొద్దీ మిగిలిన తునక మీదే మందలన్నీ పడ్డాయి. కొరికిన దుబ్బునే మళ్లీ కొరికితే వేరుకు తిండి దిగదు, శిలీంధ్రం పస్తుంటుంది. నెంద్ర పోయి, గొర్రె పెద్దగా ముట్టని చీపురు గడ్డి వస్తుంది. దున్నినచోట ఇంకా వేగం: నాగలి పోగుల్ని తెంపుతుంది, గాలి తగిలిన బాక్టీరియా విజృంభించి తరాలుగా దాగిన కర్బనాన్ని తినేస్తాయి. అదయ్యాక మిగిలేవి కొద్దిపాటితో నెట్టుకొచ్చే మొండి జాతులు. నేల చచ్చిపోయిందంటారు గానీ అది సరి కాదు, కాపురమున్నవాళ్లు మారిపోయారు.

మా రిపోర్టుల్లో సేంద్రియ కర్బనం 0.5 శాతానికి తగ్గితే ‘తక్కువ’ అని రాసి పంపేవాళ్లం. ఎవరు పోయారో ఆ అంకె చెప్పదు. ల్యాబులో సూక్ష్మజీవుల్ని పెంచే అగర్ పళ్లెంలో మొలిచేవి నేలలోని సూక్ష్మజీవుల్లో నూటికి ఒకటి ఉంటే గొప్ప. మిగతావాటి ఆనవాలు డీఎన్‌ఏ చదవడం వచ్చాకే దొరికింది.

1988లో బట్టమేక కోసం రోళ్లపాడు బీడులో సుమారు ఆరు చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. మేపు ఆపితే పైన గడ్డి నాలుగు వానలకు లేస్తుంది, కింద కర్బనం కూడటానికి దశాబ్దాలు కావాలి. ఈలోగా చుట్టూ పత్తి, పొద్దుతిరుగుడు కమ్ముకున్నాయి, పిట్ట కనబడటమే అరుదైంది.

మా నాన్న మంద తోలిన నాటి మట్టిని ఎవరూ సీసాలో దాచలేదు. పోల్చి చూడాలంటే శ్మశానాల అంచుల్లో, గుడి మాన్యాల గట్ల మీద నాగలి తగలని తునకలు వెతికి తవ్వాలి.