అర డాలరు టీకా

మెనింజోకాకల్ వ్యాధి చరిత్రను వైద్యగ్రంథాలు దాదాపు ఒకే వరసలో చెబుతాయి. 1805లో జెనీవాలో వియస్యో ఈ జ్వరాన్ని వర్ణించాడు. 1887లో వియన్నాలో వైక్సెల్‌బామ్ దీనికి కారణమైన జంట గుండ్ల బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. గత శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో ఫ్లెక్స్‌నర్ గుర్రపు సీరాన్ని రోగుల వెన్నులోకి ఎక్కించి చాలామందిని బతికించాడు. 1930ల్లో సల్ఫా మందులు, వాటి వెంట పెన్సిలిన్ వచ్చాయి. 1969 నాటికి అమెరికా సైనిక వైద్యసంస్థలో గాట్‌ష్లిక్ బృందం టీకాకు దారి వేసింది. అక్కడితో కథ కంచికి చేరినట్టే రాస్తారు.

చేరలేదు. ఆ టీకా వచ్చి పాతికేళ్లు గడిచాక, 1996లో, ఆఫ్రికాలో రెండున్నర లక్షల మందికి పైగా ఈ జబ్బు సోకింది. సుమారు 25 వేల మంది చనిపోయారు.

ఈ క్రిమి ఎక్కువగా ఆరోగ్యవంతుల గొంతులోనే కాపురం ఉంటుంది. దగ్గు తుంపర్లతో, ముద్దులతో, ఇరుకు గదుల్లో పక్కపక్కన పడుకోవడంతో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఏ కొద్దిమందిలోనో రక్తంలోకి దిగుతుంది. అక్కడి నుంచి లెక్క గంటల్లోనే. వైద్యం అందకపోతే సగం మంది దక్కరు. అందినా పదిమందిలో ఒకరు పోతారు, బతికినవాళ్లలో ఐదుగురికి ఒకరు వినికిడో, చెయ్యో కాలో కోల్పోతారు.

సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా పరచుకున్న ప్రాంతాన్ని 1963లో లాపేసోనీ, ఈ క్రిమి తెచ్చే మెదడు పొరల వాపు పేరిట, ‘మెనింజైటిస్ పట్టీ’గా గుర్తించాడు. అక్కడి మహమ్మారికి సహారా నుంచి వీచే హర్మట్టాన్ గాలులు మోసుకొచ్చే దుమ్మే మూలమని తరచూ చెబుతారు. దుమ్ము గొంతు పొరను దెబ్బతీస్తుందన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు, రోగం ఎండాకాలంలోనే విరుచుకుపడుతుందన్నది నిజం. అయితే దుమ్ము ఏటా లేస్తుంది, మహా విజృంభణ ఏటా రాదు. 1996 నాటి మరణాలను గాలి మీదికి నెట్టేస్తే మనుషులు తీసుకున్న నిర్ణయాలు కనపడకుండా పోతాయి.

అప్పటి విధానం ఇదీ: కేసులు ఒక హద్దు దాటేదాకా ఆగి, ఆ తర్వాత టీకాల బృందాలను పంపడం. వాళ్లు ఊరు చేరేసరికి తరచూ జబ్బు తన పని ముగించుకునేది. ఆ నిరీక్షణ వెనక టీకా బలహీనత ఉంది. అందులో క్రిమి పైపొరలోని చక్కెర పదార్థం మాత్రమే ఉండేది. రెండేళ్లలోపు పిల్లలకు అది సరిగా పనిచేయదు, పెద్దలకు కొన్నేళ్లే రక్షణ, గొంతులోని క్రిమిని కదిలించనే లేదు. ఆ చక్కెరను ఒక ప్రొటీన్‌తో జతచేస్తే ఈ లోపాలు చాలావరకు తీరుతాయి. 1999 చివర్లో బ్రిటన్ ఈ క్రిమిలోని ‘సి’ రకానికి అలాంటి టీకానే మొదలుపెడితే, వేయించుకోనివారిలోనూ జబ్బు తగ్గింది. విద్య చేతిలోనే ఉంది. ఆఫ్రికాను తినేస్తున్న ‘ఎ’ రకానికి మాత్రం అది అందలేదు, ఎందుకంటే కొనేవాళ్ల దగ్గర డబ్బు లేదు.

2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పాత్ అనే సంస్థ కలిసి ఆ లోటు తీర్చడానికి ఒక ప్రాజెక్టు ప్రారంభించాయి. డోసు అర డాలరు దాటితే కొనలేమని ఆఫ్రికా అధికారులు ముందే తేల్చిచెప్పారు. పెద్ద కంపెనీలు ముందుకు రాలేదు. అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల నుంచి చక్కెరను ప్రొటీన్‌తో జతచేసే పద్ధతిని తెచ్చుకుని, పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ఆ ధరలోనే ‘ఎ’ రకం టీకా మెన్‌ఆఫ్రివాక్‌ను తయారుచేసింది. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో 1 నుంచి 29 ఏళ్లవారికి వేయడం మొదలైంది. 2012లో బెనిన్‌లోని బనికోవారాలో టీకా సీసాలను ఐసు ప్యాకులు లేకుండానే, 40 డిగ్రీల వరకు వేడిలో, నాలుగు రోజుల దాకా పల్లెల్లో తిప్పగలిగారు.

టీకాల తర్వాత జబ్బు తగ్గితే, మహమ్మారి తనంతట తానే సద్దుమణిగే కాలం అది అనేవారికి చాద్ దేశం జవాబిచ్చింది. 2012లో ఒకే ఎండాకాలంలో, టీకా వేసిన ప్రాంతాల్లో మెనింజైటిస్ లక్షకు 2.5 కేసులకు లోపు, వేయనిచోట్ల లక్షకు దాదాపు 44. టీకాకు ముందు 4,278 మంది గొంతులు పరీక్షిస్తే 32 మందిలో ‘ఎ’ క్రిమి దొరికింది, తర్వాత 5,001 మందిలో ఒక్కరిలోనే. ఒక్క ఏడాది లెక్కే అయినా, గొంతులోంచే క్రిమి తొలగిందన్న ఈ రుజువును దాటవేయడం కష్టం.

అయినా ఇది సంపూర్ణ విజయం కాదు. 2017లో నైజీరియాలో ‘సి’ రకం వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఐదు రకాలను అడ్డుకునే కొత్త టీకాకు, ఇదీ పుణేదే, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది. 2024లో నైజీరియా దాన్ని మొట్టమొదటగా వాడింది, అదీ జబ్బు చెలరేగుతున్న రాష్ట్రాల్లో. ముందే వేయాల్సిన టీకా మళ్లీ మంటల వెనక పరుగెత్తింది.

టీకా తయారుచేసే మన దేశంలో పరిస్థితీ మెచ్చుకోదగ్గదిగా లేదు. ఢిల్లీ 1966లో, 1985లో, 2005లో ఈ జబ్బు చవిచూసింది. జాతీయ టీకాల పట్టికలో దీనికి చోటు లేదు. తెలుగు రాష్ట్రాల్లో హజ్ యాత్రికులు, అమెరికా కాలేజీలకు వెళ్లే విద్యార్థులు వేయించుకుంటారు, అక్కడివాళ్లు అడుగుతారు కాబట్టి. మిగతావాళ్ల విషయంలో అసలు ఎంతమందికి సోకుతోందో తేలడమే కష్టం: యాంటీబయాటిక్ ఎక్కించాక వెన్నులోంచి తీసిన నీటిలో క్రిమి తరచూ పెరగదు. ఆ నీటిలో క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష జిల్లా ఆసుపత్రుల దాకా రావాలి. అప్పుడే ఏ రకానికి, ఎవరికి టీకా కావాలో చర్చించే వీలుంటుంది.