గుర్రం మీద నుంచి రాజు పడ్డా రాసేశారు: 'మిస్టర్ క్వీన్' వెనక ఉన్న అసలు రాజు

ఈ రోజు ఒక కొరియన్ సీరియల్ పట్టుకుని చరిత్రలోకి వెళ్దాం. పేరు 'మిస్టర్ క్వీన్'. 2020 డిసెంబర్ నుంచి 2021 ఫిబ్రవరి దాకా టీవీఎన్ చానల్లో 20 ఎపిసోడ్లు వచ్చింది. నేను రాత్రిళ్ళు సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఫోన్‌లో చూశాను. నవ్వలేక చచ్చాను. అయిపోయాక, అసలు ఈ రాజు ఎవరబ్బా అని చదవడం మొదలుపెట్టాను. అక్కడ నవ్వు ఆగిపోయింది.

చూడనివాళ్ళకి కథ రెండు ముక్కల్లో. ఇప్పటి కాలం చెఫ్ ఒకడు, అమ్మాయిల వెంట పడే రకం, ప్రమాదంలో నీళ్ళలో పడతాడు. కళ్ళు తెరిచేసరికి జోసన్ రాజ్యంలో రాణిగా ఉంటాడు! రాణిగా షిన్ హే-సన్ ఆ మగరాయుడి నడక నడుస్తుంటే చూడాలి. ఆమె మొగుడు రాజు చోల్‌జోంగ్. పైకి అమాయకుడు, లోపల గట్టివాడు.

ఈ రాజు, రాణి ఇద్దరూ నిజంగా ఉన్నవాళ్ళే. చోల్‌జోంగ్ 1831లో పుట్టాడు. రాజవంశమే కానీ ఆ ఇంటికి అది శాపం. 1844లో కుట్ర కేసులో అన్నని చంపేశారు, ఇతన్ని గంగ్వా అనే ద్వీపానికి పంపేశారు. అక్కడ పొలం పని చేసుకుంటూ బతికాడు. 1849లో రాజు కొడుకుల్లేకుండా చనిపోతే, పెద్ద రాణి ఏరి కోరి ఈ 18 ఏళ్ళ కుర్రాణ్ణి పిలిపించింది. పరివారం వస్తుంటే తననీ చంపడానికే వస్తున్నారనుకుని భయపడ్డాడని చెప్పుకుంటారు. అనుకోడా మరి?

ఎందుకు ఇతనే అంటే, వెనక ఎవరూ లేరు కాబట్టి. పెద్ద రాణిది ఆన్‌డాంగ్ కిమ్ కుటుంబం. వరసగా ముగ్గురు రాజులకి ఆ ఇంటి పిల్లలనే రాణులుగా ఇచ్చారు. 1851లో చోల్‌జోంగ్‌కి చేసుకున్న చోరిన్ రాణి కూడా వాళ్ళమ్మాయే. పదవులు వాళ్ళవి, డబ్బు వాళ్ళది. సింహాసనం మీద కూర్చోవడం మాత్రం ఇతని పని.

ఇక గొడవ సంగతి. మొదటి ఎపిసోడ్లలోనే ఒక డైలాగ్ పడింది: జోసన్ రాజుల చరిత్ర గ్రంథం 'సిల్లోక్' అంతా పుకార్ల కాగితం అని. చెఫ్ నోటి దురుసు, నవ్వు కోసం రాశారు. కొరియాలో జనం మండిపడ్డారు. టీమ్ క్షమాపణ చెప్పి ఆ డైలాగ్ తీసేసింది. మరో వంశం వాళ్ళ అభ్యంతరంతో సీరియల్లో వంశాల పేర్లు కూడా మార్చారు. మొదట నేనూ "ఒక్క జోక్‌కి ఇంతా?" అనుకున్నాను.

సిల్లోక్ ఎలా తయారైందో చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. 472 ఏళ్ళు, 25 మంది రాజులు. రాజు ఎక్కడుంటే అక్కడ రాసేవాళ్ళు పక్కనే. వాళ్ళేం రాశారో రాజు చూడకూడదు. ఆయన పోయాకే పుస్తకం కూర్చేవాళ్ళు. 1404లో తేజోంగ్ అనే రాజు వేటలో గుర్రం మీద నుంచి పడ్డాడు. లేచి అటూ ఇటూ చూసి, ఇది రాసేవాళ్ళకి తెలియనివ్వొద్దు అన్నాడట. ఆయన పడిందీ రాశారు, ఆ మాటా రాశారు! ఇది నవ్వొచ్చే కథ. 1498ది కాదు. కిమ్ ఇల్-సన్ అనే అతను రాసిన చిత్తుప్రతి మీద గొడవ లేచి, రాజు అతన్ని చంపించాడు. జనం ప్రాణాలిచ్చిన పుస్తకాన్ని పుకార్లు అంటే ఊరుకుంటారా?

కాకపోతే చెఫ్ అనుమానంలో పూర్తిగా పస లేదనీ అనలేను. సేజోంగ్ 32 ఏళ్ళ పాలనకి సిల్లోక్‌లో 163 భాగాలున్నాయి. చోల్‌జోంగ్ 14 ఏళ్ళకి 15. అబద్ధం కాదు, కానీ పలచన. మామగారి వాళ్ళు రాజ్యం నడిపిన కాలంలో రాజు గురించి రాయడానికి ఎంత మిగిలిందో!

స్పాయిలర్ ఉంది, చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి. సీరియల్ చివర్లో రాజు గెలుస్తాడు, చరిత్రే మారిపోతుంది. అసలు చరిత్రలో 1862లో జింజు దగ్గర రైతులు తిరగబడ్డారు. భూమి పన్ను, సైన్యం పన్ను, ధాన్యం అప్పులు. చచ్చినవాళ్ళ పేరు మీద, పసిపిల్లల పేరు మీద కూడా వసూళ్ళు. తిరుగుబాటు ఊళ్ళకి ఊళ్ళు పాకింది. చోల్‌జోంగ్ పన్నులు సరిచేయడానికి ఒక కార్యాలయం పెట్టాడు కూడా. కొన్ని నెలల్లో అది మూతపడింది. 1864 జనవరిలో ఆయన చనిపోయాడు, 32 ఏళ్ళకే. పిల్లల్లో పెద్దయ్యేదాకా బతికింది ఒక్క కూతురు. ఆమె కూడా 1872లో, పెళ్ళయిన ఏడాదే పోయింది.

ఆయన బొమ్మ ఒకటి సియోల్ మ్యూజియంలో ఉంది, ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. కొరియా యుద్ధంలో బుసాన్‌కి తరలించిన రాజుల చిత్రాల్లో చాలావరకు 1954 అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. ఇది మూడో వంతు కాలింది. మిగిలిన దాంట్లో సైనిక దుస్తుల్లో కూర్చుని ఉంటాడు. గీసింది 1861లో, జింజు తిరుగుబాటుకి ఒక్క ఏడాది ముందు.