థింక్‌ప్యాడ్ ఎక్స్230: పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్, డిస్కు పెంపు

థింక్‌ప్యాడ్ ఎక్స్230 లెనోవో సంస్థ 2012లో విడుదల చేసిన 12.5 అంగుళాల ల్యాప్‌టాప్. ఇంటెల్ మూడో తరం కోర్ ప్రాసెసర్లతో వచ్చిన ఈ యంత్రాన్ని కంపెనీలు తమ ఉద్యోగుల కోసం టోకున కొన్నాయి. వాటి అవసరం తీరాక అవే సెకండ్ హ్యాండ్ బజారుకు చేరాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ ‘సీటీసీ’ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఇలాంటి పాత సరుకుకూ విడిభాగాలకూ పేరుపడ్డ చోట్లు. ర్యామ్, డిస్కు రెండింటినీ ఒక్క స్క్రూడ్రైవర్‌తో ఇంట్లోనే మార్చుకోగలగడం ఈ మోడల్ ప్రత్యేకత. పాత కంప్యూటర్‌కు ఏం చేస్తే ఎంత ఫలితం ఉంటుందో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నెమ్మదించడానికి కారణం

ల్యాప్‌టాప్ స్లో అయిందనగానే ప్రాసెసర్ ముసలిదైపోయిందనుకోవడం పరిపాటి. దుమ్ము పట్టి, థర్మల్ పేస్టు ఎండిపోయి వేడెక్కితే తప్ప ప్రాసెసర్ వేగం ఏళ్లు గడిచినంత మాత్రాన తగ్గదు. జాప్యమంతా సాధారణంగా హార్డ్ డిస్కు దగ్గరే ఉంటుంది. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. కావలసిన సమాచారం హెడ్డు కిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే దాదాపు 5.5 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్డు ఒక ట్రాకు నుంచి మరో ట్రాకుకు జరగడానికి ఇంకో పది మిల్లీసెకన్ల పైమాటే. ఈ లెక్కన చెల్లాచెదురుగా పడి ఉన్న ముక్కలను సెకనుకు అరవై, డెబ్బైకి మించి చదవడం కష్టం. విండోస్ తెరుచుకునేటప్పుడు చదవాల్సినవి వేల కొద్దీ చిన్న ముక్కలు. హార్డ్ డిస్కు స్థానంలో పెట్టే ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కనుక ఒక్కో ముక్క మిల్లీసెకనులో పదో వంతులోనే చేతికొస్తుంది.

దీన్ని కళ్లారా చూడొచ్చు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిస్తే డిస్కు వాడకం 100 శాతం చూపిస్తుంటుంది, కానీ కిందనే రీడ్ స్పీడు సెకనుకు 1, 2 ఎంబీ దాటదు. డిస్కు ఊపిరాడకుండా పనిచేస్తున్నా చేరవేస్తున్నది అంతంతమాత్రమేనని అర్థం. దానికి ర్యామ్ కొరత కూడా తోడైతే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. ర్యామ్‌లో పట్టని డేటాను సిస్టమ్ డిస్కు మీది పేజ్ ఫైలులోకి తోసి, అవసరమైనప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ నుంచి మరో ట్యాబ్‌కు మారగానే అంతా బిగుసుకుపోవడం ఇందువల్లే. అందుకే 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్కు ఉన్న యంత్రానికి ఏదో ఒక్కటే కొనగలిగితే ముందు ఎస్ఎస్‌డీయే కొనాలి. డబ్బంతా ర్యామ్ మీద పెట్టి పాత డిస్కునే ఉంచుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. బూట్ అయ్యే సమయంలో వాళ్లకు పెద్ద తేడా తెలియదు.

ర్యామ్

ఎక్స్230లో 204 పిన్నుల డీడీఆర్3 సోడిమ్ స్లాట్లు రెండున్నాయి. ఒక్కోదాంట్లో 8 జీబీ, మొత్తం 16 జీబీ వరకే. ఈ తరం ప్రాసెసర్ 16 జీబీ డీడీఆర్3 స్టిక్‌ను గుర్తించదు. డీడీఆర్2, డీడీఆర్4 స్టిక్కుల్లో గాటు వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రెండూ ఇందులో పనిచేస్తాయి. వేగం 1600 ఉన్నవి తీసుకోవాలి. పక్కన 1333 స్టిక్ ఉంటే రెండూ 1333 మీదే నడుస్తాయి. గ్రాఫిక్స్‌కు విడిగా మెమరీ లేదు, ఉన్న ర్యామ్‌నే పంచుకుంటుంది. కాబట్టి ఒకే 8 జీబీ స్టిక్ కంటే రెండు 4 జీబీ స్టిక్కులు డ్యుయల్ చానెల్‌లో మెరుగ్గా పనిచేస్తాయి. అయితే రేపెప్పుడో 16కు పెంచే ఆలోచన ఉంటే ఒకే 8 కొనడం లాభం. విండోస్ 32 బిట్‌ది అయితే 4 జీబీకి పైన ఎంత పెట్టినా వృథా.

ముందు బ్యాటరీని ఊడదీసి, పవర్ బటన్ ఓసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వాలి. ఏదైనా లోహపు వస్తువును తాకి ఒంట్లోని స్టాటిక్ వదిలించుకున్నాకే అడుగున ఉన్న చిన్న మూత విప్పాలి. రెండు పక్కల ఉన్న క్లిప్పులను బయటికి లాగితే పాత స్టిక్ దానంతటదే పైకి లేస్తుంది. కొత్తదాన్ని ఏటవాలుగా, బంగారు రంగు పళ్లు దాదాపు కనిపించనంత లోపలికి దూర్చి, కిందికి నొక్కి క్లిప్పులు ‘టక్’మనేదాకా ఆగాలి. సగం దూరినా క్లిప్పులు పడినట్టే అనిపిస్తాయి. స్క్రీన్ నల్లగా ఉండిపోవడానికో, బీప్‌లు రావడానికో చాలాసార్లు కారణం ఇదే. మెమరీ మారాక మొదటిసారి తెరుచుకోవడం మామూలు కంటే కాస్త ఆలస్యం కావచ్చు, కంగారుపడి ఆపెయ్యకూడదు.

పాత స్టిక్ పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన రిపేరు షాపుల్లో మొదటి వైద్యం. పట్టిన మురికిని అది తీసేస్తుంది కూడా. కాకపోతే ఆ బంగారు పూత బాగా పల్చన, రెండు మూడు రుద్దులు చాలు. రబ్బరు పొట్టును దులపకుండా స్లాట్‌లో పెడితే కొత్త తంటా. డీడీఆర్3 స్టిక్కుల్లో ఇప్పుడు ఎక్కువగా దొరికేవి పాత యంత్రాల నుంచి తీసినవే కాబట్టి, కొన్నవాటి మీద మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడపాలి. ఒక్క తప్పు చూపించినా వెనక్కి ఇచ్చెయ్యాలి.

డిస్కు

ఈ మోడల్‌లో 7 మిల్లీమీటర్ల మందం ఉన్న 2.5 అంగుళాల డిస్కే పడుతుంది. అంతకుముందు ల్యాప్‌టాప్‌లలో మామూలైన 9.5 మిల్లీమీటర్లది పట్టదు. సాటా ఎస్ఎస్‌డీలు ఎక్కువగా 7 మిల్లీమీటర్లవే. ఇక్కడి సాటా లింకు వేగం సెకనుకు 6 గిగాబిట్లు, అంటే ఎస్ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ దాకా చదవగలదు. కీబోర్డు కింద ఎంసాటా స్లాట్ కూడా ఉంది కానీ దాని వేగం ఇందులో సగమే. అయినా రోజువారీ పనిలో ఆ తేడా పెద్దగా తెలియదు. ఎం.2 ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఈ యంత్రంలో ఎక్కడా పట్టదు.

ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందన్న భయం చాలామందికి ఉంది. శామ్‌సంగ్ 870 ఈవో 500 జీబీ డ్రైవ్‌కు కంపెనీ హామీ 300 టెరాబైట్ల రాత. రోజుకు 40 జీబీ రాసినా ఇరవయ్యేళ్లు పడుతుంది. ల్యాప్‌టాపే అంతకాలం ఉండదు. భయపడాల్సింది పేరూ ఊరూ లేని చవక డ్రైవులకు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి పెద్ద సైజు చూపించేవి బజార్లో ఉన్నాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ప్రోగ్రామ్‌తో నిండుగా రాసి చదివితే మోసం బయటపడుతుంది.

పాత డిస్కు నుంచి కొత్తదానికి మారే ముందు పాతదాని ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు చూడాలి. రీలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు సున్నా కాకుండా ఉంటే ఆ డిస్కుకు రోజులు దగ్గరపడ్డట్టే. అప్పుడు క్లోనింగ్ మాట పక్కనపెట్టి ఫోటోలు, పత్రాలు ముందు వేరేచోటికి చేర్చాలి. డిస్కు బాగుంటే యూఎస్‌బీ సాటా కేబుల్‌తో ఎస్ఎస్‌డీని తగిలించి క్లోన్‌జిల్లాతో నకలు తీయొచ్చు. ఎస్ఎస్‌డీ చిన్నదైతే ముందే పార్టిషన్లను కుదించాలి. బిట్‌లాకర్ పెట్టి ఉంటే రికవరీ కీ చేతిలో ఉండాలి. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను కూడా నకలు తీసే బదులు విండోసో లినక్సో కొత్తగా ఎక్కించుకోవడమే శుభ్రం. ఎఫ్1 నొక్కి బయాస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉందో లేదో చూసుకుంటే చాలు, ఖాళీ అయిన చోట్లను ఎస్ఎస్‌డీకి తెలియజేసే ట్రిమ్ సంగతి విండోస్ 7 నుంచి సిస్టమే చూసుకుంటుంది.

పెంపుతో తీరనివి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 భద్రతా చిప్ ఎక్స్230లో లేదు, ప్రాసెసర్ కూడా ఆమోదిత జాబితాలో లేదు. లినక్స్ మింట్ లాంటిది మాత్రం 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే హాయిగా నడుస్తుంది. యూట్యూబ్ వాడే వీపీ9 వీడియోను ఇందులోని గ్రాఫిక్స్ చిప్ తనంతట తాను విప్పలేదు, ఆ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. 16 జీబీ పెట్టినా ఫ్యాన్ గోల తగ్గదు. 1366x768 స్క్రీన్ సరేసరి.

ఇలా ర్యామ్ మార్చుకునే వెసులుబాటు ఈ వరుసలో ఆ తర్వాత నిలవలేదు. ఎక్స్240లో ఒక్క స్లాటే మిగిలింది, 2018 నాటి ఎక్స్280లో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేశారు. ఆపిల్ ఆ పని 2012 రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలోనే చేసింది. విప్పి మార్చుకోగల కొత్త తరహా మాడ్యూల్ ఎల్‌పీక్యామ్2, 2024లో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరంతో బజారుకొచ్చింది.

బయటికొచ్చిన పాత డిస్కు ఆరోగ్యంగా ఉంటే చిన్న యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి బ్యాకప్‌కు వాడుకోవచ్చు. అమ్మదలిస్తే క్విక్ ఫార్మాట్ చాలదు, అది చెరిపేది ఫైళ్ల జాబితానే. డిస్కంతా సున్నాలు రాయించాలి. పనికిరానిదైతే 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కు అప్పగించాలి.