తాటాకుల ఊళ్లో పుస్తకాల చితి

జాఫ్నాలో వరి తక్కువ, తాడి ఎక్కువ. శ్రీలంకకు ఉత్తరపు కొసన, తమిళనాడు తీరానికి ఎదురుగా ఉన్న ఆ ద్వీపకల్పంలో ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటి లేదు. బావి తోడుకుంటే నీళ్లు. ఆ నీళ్లు పోస్తే పొగాకు, ఉల్లి, మిరప. మిగిలినదంతా తాటిచెట్టే చూసుకునేది. తాటాకు ఇంటికప్పు, తాటిమొద్దు దూలం, తాటి బెల్లం, తాటి కల్లు, తేగల పిండితో కాచిన జావ. ఆ ఆకునే ఉడకబెట్టి, ఎండబెట్టి, సమంగా కోసి, గంటంతో గీసి, గీతల్లోకి నూనె కలిపిన మసి దించితే పుస్తకం.

ఊరి అసలు పేరు యాళ్పాణం. యాళ్ అంటే పాతకాలపు తంత్రీవాద్యం. కళ్లు లేని ఒక యాళ్ విద్వాంసుడి పాటకు మెచ్చి రాజు ఈ ఇసుకనేలను ఈనాంగా ఇచ్చాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు. పంట పండని నేలను పాటకు బహుమతిగా ఇవ్వడం మాత్రం రాజులు చేసే పనిలాగే ఉంది.

నేల పెట్టని తిండి చదువు పెట్టింది. అమెరికన్ మిషనరీలు వచ్చి బడులు తెరిచారు. వాళ్లకు పోటీగా ఆరుముగ నావలర్ శైవ పాఠశాలలు పెట్టాడు. 1841లోనే అక్కడ 'ఉదయతారకై' అనే తమిళ, ఇంగ్లీషు పత్రిక మొదలైంది. చదువుకున్న పిల్లలు కొలంబోలో గుమాస్తాలయ్యారు, మలయాలో స్టేషన్ మాస్టర్లయ్యారు, నెలనెలా ఇంటికి డబ్బు పంపారు. ఒక పిల్లవాడు పరీక్ష పాసైతే ఒక కుటుంబం ఒడ్డున పడినట్టే. కాబట్టి ఆ ఊళ్లో పుస్తకం అలంకారం కాదు, అరక.

1933లో కె.ఎం. చెల్లప్ప అనే ఆయన తన ఇంట్లోనే పుస్తకాలు పెట్టి, అడిగినవాళ్లకు ఉచితంగా చదవడానికి ఇవ్వడం మొదలుపెట్టాడు. మరుసటేడు ఊరి పెద్దలు కలిసి కమిటీ వేశారు. 1934 ఆగస్టు 1న ఆసుపత్రి రోడ్డులో ఒక అద్దెగదిలో గ్రంథాలయం తెరుచుకుంది. 844 పుస్తకాలు, ముప్పై పైచిలుకు పత్రికలు, అరకొర సామాను. గ్రంథాలయోద్యమకారుడు అయ్యంకి వెంకటరమణయ్య తరం కథలు వింటూ పెరిగిన మనకు ఈ వరస కొత్తది కాదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే మన కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు ఊరూరా తిరిగాయి. ఎవరి వీధి అరుగు మీదనో నాలుగు పుస్తకాలతో మొదలవడం, తర్వాత చందాలు, తర్వాత స్థలం కోసం తిరుగుడు. 1935లో పట్టణ పాలక మండలి ఆ గదిని తన చేతుల్లోకి తీసుకుంది. ఏడాది తిరిగేసరికి టౌన్ హాలు పక్కకు మార్చింది. చదివేవాళ్లు పెరిగారు, చోటు చాలలేదు.

అసలు కట్టడం 1950లలో మొదలైంది. మేయరు సామ్ సబాపతి, సెయింట్ పాట్రిక్స్ కాలేజీ రెక్టరు ఫాదర్ లాంగ్ ముందు నడిచారు. ఊళ్లో కార్నివాల్ పెట్టి టిక్కెట్లు అమ్మి డబ్బు పోగుచేశారు. శైవుడూ, క్రైస్తవుడూ, వర్తకుడూ, బంట్రోతూ, అందరూ తలా కాస్త వేశారు. నమూనా గీయడానికి మద్రాసు ప్రభుత్వ ఆర్కిటెక్టు నరసింహన్ వచ్చాడు. లోపల ఏది ఎక్కడ ఉండాలో చెప్పడానికి ఎస్.ఆర్. రంగనాథన్ వచ్చారు. గ్రంథాలయ శాస్త్రం చదివిన మన పిల్లలు బట్టీపట్టే ఆ పంచసూత్రాల రంగనాథనే. 1954లో శంకుస్థాపన, 1959 అక్టోబరు 11న ప్రారంభం. రిబ్బను కత్తిరించింది అప్పటి మేయరు ఆల్ఫ్రెడ్ దురయప్ప. అద్దెగది నుంచి ఆ తెల్లటి గుమ్మటాల దాకా పాతికేళ్లు పట్టింది. 1967లో పిల్లల విభాగం, 1971లో సభామందిరం వచ్చి చేరాయి.

1981 నాటికి అక్కడున్న పుస్తకాలు 97 వేలని లెక్క. ఆసియాలోకెల్లా గొప్ప గ్రంథాలయమని దాన్ని పొగడటం ఇప్పుడు అలవాటైంది. అంత దూరం పోనక్కర్లేదు. కలకత్తా జాతీయ గ్రంథాలయంతో పోలిస్తే అదొక అర. దాని విలువ అంకెలో లేదు. ఆనంద కుమారస్వామి గ్రంథాలున్నాయి. ఆ ప్రాంతపు పాత పత్రికల సంచికలున్నాయి. అన్నిటికీ మించి తాళపత్రాలున్నాయి. వైద్యమూ, జ్యోతిషమూ, కావ్యాలూ, స్థలపురాణాలూ ఏ తాతయ్య కట్టల్లోంచో బయటపడి, ఇంట్లో ఉంటే చెదలు తింటాయి, అక్కడైతే భద్రంగా ఉంటాయని నమ్మి ఇళ్లవాళ్లు తెచ్చి ఇచ్చినవి. ఆ మాట దగ్గరే నాకు గొంతు పట్టేస్తుంది. భద్రంగా ఉంటాయని ఇచ్చారు.

ఇక్కడొక దిద్దుబాటు చెప్పుకోవాలి. డచ్చివాళ్ల పాలనలో, 1736 ప్రాంతంలో మయిల్వాగన పులవర్ రాసిన 'యాళ్పాణ వైపవమాలై' ఆ గ్రంథాలయం కాలిన 1981 మంటల్లో నామరూపాల్లేకుండా పోయిందని చాలామంది రాస్తుంటారు. అది ఆ ఊరి చరిత్ర గ్రంథం. కానీ 1879లోనే దానికి బ్రిటో ఇంగ్లీషు అనువాదం వచ్చింది, తమిళంలోనూ అచ్చయింది. కాబట్టి పాఠం బతికింది, పోయింది రాతప్రతి. నిజం చెప్పాలంటే ఏడవాల్సింది దాని గురించి కాదు. అచ్చుకాని వాటి గురించి. పేరైనా ఎవరికీ గుర్తులేని కట్టల గురించి.

దేశం మాత్రం అప్పటికే చీలుతూ వచ్చింది. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్నారు. కొలంబోలో గుమాస్తా ఉద్యోగాలకు దారి మూసుకుపోయింది. 1970ల మొదట్లో విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో మార్కుల 'సమీకరణ' తెచ్చారు. వైద్యానికో ఇంజినీరింగుకో సీటు కావాలంటే తమిళ విద్యార్థికి సింహళ విద్యార్థికన్నా ఎక్కువ మార్కులు రావాలి. చదువే మాగాణి అయిన ఊళ్లో ఇది కాలవకు అడ్డుకట్ట. రాత్రి దీపాలార్పే దాకా ఆ పఠన మందిరంలో కూర్చుని చదివిన కుర్రాళ్లకు చదివి లాభమేమిటన్న ప్రశ్న వచ్చింది. కొందరు పుస్తకం పక్కన పెట్టి తుపాకి పట్టారు. 1959లో గ్రంథాలయం తలుపులు తెరిచిన దురయప్పను 1975 జూలైలో పొన్నాలై గుడి దగ్గర కాల్చి చంపారు. చంపినవాళ్లలో, తర్వాత తమిళ పులులకు నాయకుడైన ఇరవై ఏళ్ల ప్రభాకరన్ ఉన్నాడు.

1981 జూన్ 4న జిల్లా అభివృద్ధి మండళ్ల ఎన్నికలు. పోలింగుకు పదకొండు రోజుల ముందు అధికార పార్టీ అభ్యర్థిని మిలిటెంట్లు కాల్చి చంపారు. బందోబస్తు పేరిట శ్రీలంక దక్షిణాది నుంచి వందల మంది పోలీసులు దిగారు. ఇద్దరు మంత్రులు, సిరిల్ మాథ్యూ, గామిని దిసనాయకె, ఊళ్లోనే మకాం వేశారు. మే 31, ఆదివారం. నాచ్చిమార్ కోవెల దగ్గర తమిళ ఐక్య విమోచన కూటమి సభ జరుగుతుండగా కాల్పులు జరిగి ఇద్దరు పోలీసులు చనిపోయారు.

తర్వాత జరిగింది కాసేపటి ఆవేశం కాదు, మూడు రోజుల పని. కూటమి కార్యాలయం తగలబెట్టారు. పార్లమెంటు సభ్యుడు యోగేశ్వరన్ ఇల్లు తగలబెట్టారు. 'ఈళనాడు' పత్రిక ఆఫీసు తగలబెట్టారు. బజారులో పుస్తకాల దుకాణం తగలబెట్టారు. నలుగురిని ఇళ్లలోంచి లాక్కొచ్చి చంపారు. కూడళ్లలో తమిళ కవుల, పెద్దల విగ్రహాలు పగలగొట్టారు. అన్నిటికీ మించి గ్రంథాలయం మీద పడ్డారు. అది మే 31 రాత్రా, జూన్ 1 రాత్రా అన్నదాని మీద ఊళ్లో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. నిప్పు పెట్టింది ఎవరన్నదాని మీద మాత్రం ఒకే మాట. పోలీసులూ, వాళ్లతో వచ్చిన మూకా.

కాగితం మండటం అందరం చూసినదే. అంచు నల్లబడి, ముడుచుకుని, తేలికగా గాల్లోకి లేస్తుంది. తాటాకు అలా కాదు. వందల ఏళ్ల ఎండుదనం, పైన పూసిన నూనె, గీతల్లో మసి. కట్టలో పైఆకు అంటుకుంటే లోపలిది ఆగదు. ఆకులకు బెజ్జం పెట్టి గుచ్చిన దారం ముందు తెగుతుంది. దారం తెగాక ఏ ఆకు తర్వాత ఏ ఆకో ఇక చెప్పేవాడుండడు.

సెయింట్ పాట్రిక్స్ కాలేజీ అక్కడికి దగ్గరే. ఫాదర్ డేవిడ్ అక్కడ ఉండేవారు. ఎన్నో భాషలు వచ్చినవాడు, తమిళ పదాల వ్యుత్పత్తి మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడు. మేడమీద నుంచి ఆ మంటలు చూశారు. చూస్తూనే కుప్పకూలి ప్రాణం వదిలారు. గ్రంథాలయం కట్టించడానికి తిరిగినదీ ఆ కాలేజీ ఫాదరే, కాలుతుంటే చూసి పోయినదీ ఆ కాలేజీ ఫాదరే. లాంగ్ గారికి ఆవరణలో విగ్రహం ఉంది. డేవిడ్ గారి చావు ఊరి నోట ఉంది.

కొలంబో పత్రికల్లో వార్త రాలేదు. జూన్ 4న అనుకున్నట్టే పోలింగు జరిపించారు. బూడిద చల్లారని ఊరు ఓటేసింది, పదికి పది స్థానాలూ కూటమికే ఇచ్చింది. తమిళం మాట్లాడే ముస్లిం కవి ఎం.ఎ. నుహ్మాన్ 'బుద్ధుడి హత్య' అనే కవిత రాశాడు. కాలినవి తమిళుల పుస్తకాలైనా, చచ్చినవాడు ఎవరో ఆ పేరులోనే చెప్పాడు.

ఊరు ఊరుకోలేదు. మరుసటేడు గ్రంథాలయ వారోత్సవం పెట్టి ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అడిగారు. వేలల్లో వచ్చాయి. ఆర్కిటెక్టు వి.ఎస్. తురైరాజా చేతి మీదుగా మరమ్మతులు సాగాయి, 1984లో ఒక భాగం మళ్లీ తెరిచారు. ఆ ముచ్చట ఏడాదైనా నిలవలేదు. పక్కనే పోలీసు స్టేషను, ఎదురుగా సైన్యమున్న పాత డచ్చి కోట. 1985లో మిలిటెంట్లు స్టేషను మీద దాడి చేస్తే, ఆ కోపంతో సైనికులు గ్రంథాలయంలో జొరబడి బాంబులు పేల్చారు. కొత్తగా వచ్చిన పుస్తకాలు తునకలయ్యాయి. అప్పటి నుంచి పదేళ్లపైన ఆ కట్టడం గుళ్ల తూట్లతో, కూలిన కప్పుతో మొండిగోడగా నిలబడింది. కొంతకాలం అది కోటలోని సైన్యానికీ, ఊళ్లోని పులులకీ మధ్య ఎవరూ అడుగుపెట్టని చోటు.

అధ్యక్షురాలు చంద్రిక కుమారతుంగ హయాంలో, 1998లో, పునర్నిర్మాణం మొదలైంది. ఒక ఇటుకా ఒక పుస్తకమూ ఇమ్మని దక్షిణాది సింహళులను అడిగితే చాలామంది ఇచ్చారు. వాళ్లలో మనస్ఫూర్తిగా సిగ్గుపడి ఇచ్చినవాళ్లను నేను తక్కువ చేయను. కానీ ఊళ్లో వాదం రేగింది. కాలిన గోడల్ని అలాగే సాక్ష్యంగా ఉంచి, పక్కన కొత్తది కట్టాలని కొందరు. పిల్లలకు చదువుకోవడానికి చోటు కావాలి, మొండిగోడలు ఎవరికి అక్షరం నేర్పుతాయి అని మరికొందరు. చివరికి పాతదాన్నే పాత రూపానికి తెచ్చి సున్నం కొట్టినంత తెల్లగా చేశారు. 2003 ఫిబ్రవరిలో ముహూర్తం పెడితే పులులు వద్దన్నారు. నగరపాలక సభ్యులందరూ రాజీనామా చేశారు. ప్రారంభించాల్సిన మేయరు సెల్లన్ కందయ్యన్ అణగారిన కులం నుంచి వచ్చినవాడు, శిలాఫలకం మీద ఆయన పేరు పడటం కొందరు పెద్దలకు గిట్టలేదని ఆ ఊరివాళ్లే కొందరు అన్నారు. అది పూర్తిగా నిజం కాకపోయినా, అనుకోవడానికి వీలుండటమే చిన్నతనం. తర్వాత పెద్ద హడావుడి లేకుండా తలుపులు తెరుచుకున్నాయి.

నన్నడిగితే ఒక్క గోడనైనా అలాగే వదిలేయాల్సింది. ఇవాళ వెళ్లినవాళ్లకు ముంగిట కూర్చున్న సరస్వతి కనిపిస్తుంది, తెల్లటి గుమ్మటాలు కనిపిస్తాయి, లోపల పరీక్షలకు చదువుకునే పిల్లలు కనిపిస్తారు. ఎంత బాగా బాగుచేశారంటే ఏమీ జరగనట్టే ఉంటుంది. తాళపత్రాల అర మాత్రం కొనుక్కొచ్చి నింపేది కాదు. ఆ దెబ్బకు బెదిరిన కొత్త తరం వాళ్లు 2005 నుంచి 'నూలకం' పేరిట శ్రీలంక తమిళ పుస్తకాలనూ పత్రికలనూ స్కాన్ చేసి ఇంటర్నెట్టులో పెడుతున్నారు. ఇక ఒక్క ఊళ్లో, ఒక్క గదిలో ఏదీ ఉంచరు వాళ్లు.

2016 డిసెంబరులో అప్పటి ప్రధాని రణిల్ విక్రమసింఘే పార్లమెంటులో ఆ దహనానికి క్షమాపణ చెప్పారు. 1981లో, ఆ పుస్తకాలు కాలినప్పుడు, శ్రీలంక విద్యాశాఖ మంత్రి ఆయనే. నేరానికి ఇంతవరకూ ఒక్కరికీ శిక్ష పడలేదు.