పావులూరి లెక్క, మా ఇంటి జాగా

మన బడిలో నేర్చుకున్నవాటిలో పరీక్షకు రాని లెక్కలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. శనివారం చివరి పీరియడ్‌లో మా లెక్కల సారు పాఠ్యపుస్తకం మూసి, బోర్డు మీద ఒక చిక్కు ప్రశ్న రాసేవారు. ఒకసారి 152207ను 73తో గుణించమన్నారు. కుస్తీ పట్టి గుణిస్తే 11111111 వచ్చింది. మేం నోళ్లు తెరిచాం. "ఇది నా లెక్క కాదురా, వెయ్యేళ్లు దాటిన పెద్దాయనది" అన్నారు సారు. ఈ వ్యాసం ఆ పెద్దాయన గురించే. మా ఇంటి సంగతి కూడా అందులోనే ఉంది.

ఆయన పేరు మహావీరాచార్యుడు. జైన పండితుడు. రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు 850 ప్రాంతంలో, సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రాశాడు. మన హిందూపురం వైపున్న హేమావతి నొళంబ రాజుల రాజధానిగా వెలిగింది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. వంటకైనా వైద్యానికైనా, సంగీతానికైనా ఇల్లు కట్టడానికైనా లెక్క కావాల్సిందేనని ఆయన పుస్తకం మొదట్లోనే చెప్తాడు. అందులోని ప్రశ్నలు కథల్లా ఉంటాయి. తెగిన ముత్యాల హారంలో ఎన్ని ముత్యాలు, అడవిలో ఏనుగుల మంద ఎంత, మామిడిపళ్లు ఎవరికెన్ని అని అడుగుతాడు.

పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జైన ప్రస్తావనలు ఉన్నచోట శివుణ్ణి పెట్టాడు. తెలుగులో తొలి శాస్త్రగ్రంథం అదేనని చెప్తారు. చదరంగం గళ్లలో మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు, ఇలా 64 గళ్లకూ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంత? జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. ఈ ఇరవై అంకెలనూ మల్లన ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5 అని పట్టుకుని, కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. సారు ఆ పద్యం చదువుతుంటే మేం వేళ్ల మీద అంకెలు పట్టుకునేవాళ్లం.

తొమ్మిదో తరగతిలో ఒక శనివారం సారు పొలం కొలిచే లెక్క చెప్పారు. నాలుగు భుజాల చేనుకు వైశాల్యం ఎంత? ఎదురెదురు భుజాలను కూడి సగం చేసి, ఆ రెండు సగాలను గుణించడం ఒక పద్ధతి. 628లో బ్రహ్మగుప్తుడూ, తర్వాత మహావీరుడూ దీన్ని చెప్పారు. కానీ ఇది మోటు లెక్కేనని వాళ్లకు తెలుసు. అందుకే సూక్ష్మమైన లెక్క వేరే ఇచ్చారు. ఈజిప్టులో ఎడ్ఫు గుడి గోడల మీద చెక్కిన భూదానాల లెక్కలోనూ ఈ మోటు పద్ధతే కనిపిస్తుంది.

నాకు గుండె ఝల్లుమంది. ఆ ఏడాదే మా నాయన అప్పు చేసి ఊరి బయట ఇంటి జాగా కొన్నాడు. టేపు పట్టినప్పుడు నేనూ ఉన్నాను. రోడ్డు వైపు 80 అడుగులు, వెనక 32, పక్కలు రెండూ 40. అమ్మినాయన వేసింది ఆ మోటు లెక్కే. 56ను 40తో గుణించి 2240 చదరపు అడుగులన్నాడు. అంటే అయిదు సెంట్ల పైమాట.

నా బెంచీ మిత్రుడిది ధర్మవరం, నేత కుటుంబం. హాస్టల్లో ఉండి చదివేవాడు. లెక్కల్లో వాడికి ఎప్పుడూ అత్తెసరు మార్కులే. వాడు చీర అంచు డిజైన్ వేసే గళ్ల కాగితం తీసి, ఒక గడి 8 అడుగులనుకుని మా జాగా గీశాడు. కింద 10 గళ్లు, పైన 4, ఎత్తు 4. గళ్లు లెక్కపెడితే 28. మోటు లెక్క ప్రకారం 35 రావాలి. "ఏటవాలుగా పోయే దారాన్ని నిలువు దారం అనుకుంటే పన్నా తప్పుతుంది కదరా" అన్నాడు వాడు. పక్క భుజం 40 అడుగులే గాని అసలు ఎత్తు 32 అడుగులే. 56ను 32తో గుణిస్తే 1792. మహావీరుడి సూక్ష్మపు లెక్కలోనూ అదే వచ్చింది. తేడా 448 చదరపు అడుగులు, సెంటుకు మించి. లేని నేలకు నాయన డబ్బు కట్టాడు.

ఇంటికెళ్లి చెప్పాను. "ఏమి లెక్కరా ఇది?" అన్నాడు నాయన. నాలుగు చీపురు పుల్లలను కొసలు కట్టి చతురస్రం చేసి, మూలలు పట్టుకుని నొక్కాను. పుల్లల పొడవు మారలేదు, లోపలి జాగా మాత్రం సన్నబడుతూ పోయింది. నాయన చాలాసేపు ఆ పుల్లలనే చూశాడు. మరునాడు అమ్మినాయన దగ్గరికి పోయినాడు. రిజిస్ట్రేషన్ అయిపోయిందని చెప్పి పంపించాడు ఆయన. డబ్బు తిరిగి రాలేదు.

ఆ తర్వాత మా వీధిలో ఎవరు జాగా కొన్నా నాయన తాడు పట్టుకుని బయల్దేరేవాడు. "నాలుగు పక్కలు చాలవప్పా, మూల నుంచి మూలకు కొలవండి" అనేవాడు. ఆ అయిదో కొలతతో జాగా రెండు త్రిభుజాలవుతుంది, ఇక నొక్కినా కదలదు. మా జాగాకు ఆ కొలత 64 అడుగుల 6 అంగుళాలు. నాయన చదివింది అయిదో తరగతి.

మోటు లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపదు. నాలుగు మూలలూ నిలువుగా ఉన్నప్పుడే సరిపోతుంది. ఎందుకని? ఇప్పుడు మన బడిలో చదువుతున్న పిల్లలకు ఈ ప్రశ్న వదిలేస్తున్నాను. ధర్మవరం మిత్రుడు ఇప్పటికీ మగ్గం పనిలోనే ఉన్నాడు. హిందూపురం నుంచి రైల్లో పోతూ పెనుకొండ కొండ కనబడగానే వాడికి ఫోన్ చేస్తాను. వాడు ముందుగా అడిగేది ఒక్కటే: "కొత్త లెక్క ఏమైనా ఉందా?"