కుంపటి పాతదే, ఇల్లు మారింది

జహీరాబాద్‌లో మంచు కురవదు. కానీ చలికాలం వచ్చిందంటే తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదైన చోట్లలో పక్కనున్న కోహీర్ పేరు తరచూ వినిపిస్తుంది. బీదర్ దాకా పరుచుకున్న ఈ ఎర్రనేల పీఠభూమి మీద కొన్ని రాత్రులు చలి 10 డిగ్రీల కిందికి దిగుతుంది. దానికి పాతకాలం ఇళ్ళు వెతుక్కున్న ఉపాయం వాకిట్లో చలిమంట, లోపల కుంపటి. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో అంగీఠీ. కందికట్టె, పిడకలు కాలాక మిగిలిన నిప్పులను కుంపట్లోకి ఎత్తి ముసలివాళ్ళ పక్కనో, బాలింత మంచం దగ్గరో పెట్టేవారు. ఆ నిప్పుల చరిత్రను ఇంటి కట్టడం చరిత్రతో కలిపి చదివితేనే ఇప్పటి ప్రమాదం అర్థమవుతుంది.

కనలే నిప్పులు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతూనే ఉంటాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. 1850లలో ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ ఈ గుట్టు విప్పాడు. 1890లలో బ్రిటన్‌లో మరో శాస్త్రవేత్త హాల్డేన్ తన ఒంటి మీదే ప్రయోగాలు చేసి, ఈ వాయువును ముందే పసిగట్టేందుకు గనుల్లోకి చిన్న పిట్టలను తీసుకెళ్ళమన్నాడు. బ్రిటిష్ గనుల్లో కెనరీ పిట్టలు 1986 దాకా ఆ పని చేశాయి. గని కార్మికుడి కోసం ఇంత జాగ్రత్త పుట్టింది. కుంపటి పక్కన నిద్రపోయే బాలింత గురించి ఆలోచన మాత్రం ఆ స్థాయిలో సాగలేదు.

మరి మన నానమ్మలకు ఏమీ కాలేదు కదా అని అడిగేవారున్నారు. నిజానికి వారికేమీ కాలేదని చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదు. తెల్లారి తల పగిలిపోతున్నట్టుంటే, వాంతి వచ్చినట్టుంటే దిష్టి అనో జలుబు అనో సరిపెట్టుకున్న రోజులవి. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి: మట్టి మిద్దెకు గవాక్షం ఉండేది, పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి, తలుపు చెక్కల మధ్య నుంచి గాలి ఆడేది. ఆ ఇళ్ళు పొగతో ఆడవాళ్ళ ఊపిరితిత్తులను పాడుచేసినా, విషవాయువును అంత సులువుగా పేరుకోనివ్వలేదు. స్లాబు వచ్చి, కిటికీలకు అద్దాలు పడి, దోమల భయంతో వెంటిలేటర్లు మూసుకున్నాక ఆ రక్షణ పోయింది. అలవాటు మాత్రం అలాగే ఉంది.

వంటగ్యాసు వచ్చాక ఇంకేం భయమన్నది రెండో ప్రశ్న. 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల పథకాలు ఎందరో ఆడవాళ్ళను పొగ నుంచి తప్పించాయి. అది చిన్న మేలు కాదు. కానీ కిటికీ లేని స్నానాల గదిలో గ్యాస్ గీజరు వెలిగిస్తే పుట్టేదీ ఈ వాయువే. పొగ కనిపించడం లేదు కాబట్టి ఎర్రటి నిప్పులు మంచివనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. 2021 ఫిబ్రవరిలో, ఎందరో తెలుగువాళ్ళు ఉంటున్న టెక్సస్‌లో మంచు తుఫానుకు కరెంటు పోయినప్పుడు జనం ఇళ్ళలో బొగ్గులు రాజేశారు, ఇంటిని ఆనుకుని జనరేటర్లు, మూసిన గ్యారేజీల్లో కార్లు నడిపారు. పదిమందికి పైగా ఈ వాయువుకే బలయ్యారు.

కిటికీ ఓరగా తీస్తే చాలదు. పడుకునే ముందు కుంపటిని బయట పెట్టాలి, గ్యాస్ గీజరును స్నానాల గది బయటే బిగించాలి. కుంపటి ఉన్న గదిలో ఒక్కరికైనా తలనొప్పి, మగత వస్తే వెంటనే అందరినీ బయటికి తేవాలి, ఆసుపత్రికి వెళ్ళాలి. పురుడు జరిగిన ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త టీకాల తేదీలతో పాటు ఈ మాటా చెప్పాలి; మంచం దగ్గర నిప్పులుంటే అప్పటికప్పుడే తీయించాలి.