1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా - విశ్వవిద్యాలయము - అలంపురము

ఇన్‌ఫ్లుయెంజా యను పదము ఇటలీ భాషలోనిది. ప్రభావమని దాని యర్థము. గ్రహనక్షత్రముల ప్రభావముచే ఈ జ్వరము పుట్టునని పూర్వులు తలచిరి. 1918లో వైద్యులకును దీని మూలము తెలియదు. ఫైఫరు కనుగొనిన సూక్ష్మజీవియే కారణమని పలువురు నమ్మియుండిరి. మనుష్యులకు సోకు ఇన్‌ఫ్లుయెంజా వైరసు 1933లో గాని లండనులో కనుగొనబడలేదు. కావున ఆ యేట తగిన మందు లేకపోయినదని ఎవరినిగాని నిందించుట చరిత్రకారునకు తగదు. రోగిని వేరుగ నుంచుట, గాలి యాడు తావున పరుండబెట్టుట, వేళకు నీరును గంజియు నందించుట, సంతలకు జాతరలకు దూరముగ నుండుట - ప్రాణము నిలుపుటకు తోడ్పడునవి ఇవియే. ఇవి యన్నియు మాటతో చెప్పి చేయింపవలసినవి. మరి ఏ భాషలో చెప్పవలెను?

ఈ ప్రశ్నకు అలంపురము మంచి యుదాహరణము. బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయములతో ప్రసిద్ధమైన ఈ తాలూకా అప్పుడు నిజాము రాష్ట్రమున రాయచూరు జిల్లాలో నుండెను. 1956లో గాని మహబూబునగరు జిల్లాలో చేరలేదు. జిల్లాలో కన్నడము, కచేరీలో ఉర్దూ, ఇంటిలో తెలుగు. తుంగభద్ర దాటినచో కర్నూలు. అది మద్రాసు రాజధానిలోనిది. ఏటి కిరుగట్ల మాట యొక్కటే, ప్రభుత్వములు రెండు.

1918 జూనులో బొంబాయి రేవున కనబడిన వ్యాధి, సెప్టెంబరులో మరల విజృంభించి రైలుమార్గముల వెంట దేశమంతట వ్యాపించినది. రాయచూరు బొంబాయి, మద్రాసు మార్గమునందలి కూడలి. ఆ యేడు నైరృతి ఋతుపవనమును విఫలమై ధాన్యము ప్రియమైనది. నిజాము రాష్ట్ర జనసంఖ్య 1911లో 1,33,74,676, 1921లో 1,24,71,770. ఈ తొమ్మిది లక్షల తరుగంతయు జ్వరము పాలైనదనరాదు. ప్లేగును కరవును దానికి తోడైనవి. ఐనను ప్రధాన కారణము జ్వరమే.

సరిగా ఆ యేటనే ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. 1917లో ఆజ్ఞ వెలువడినది, 1919 ఆగస్టులో తరగతులు మొదలైనవి. జ్వరము ముదిరినప్పుడు దానికి విద్యార్థులే లేరు. సేవకు రాలేదనుట అన్యాయము. కాని అప్పటికే దాని యనువాదశాఖ మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి నేతృత్వమున పనిచేయుచుండెను. ఉన్నతశాస్త్రములను దేశభాషలో నేర్పవచ్చునని ఆ సంస్థ నిరూపించినది. తరువాత వైద్యము సైతము ఉర్దూలో బోధింపబడెను. ఇది చిన్న ఘనత కాదు. ఐతే ఆ దేశభాష అలంపురపు రైతు భాష కాదు. రాష్ట్రమున అధికసంఖ్యాకుల మాతృభాష తెలుగు. రాయప్రోలు సుబ్బారావుగారి వంటి ఆచార్యు లుండినను, తెలుగు అచట సాహిత్యముగా చదువబడినదే గాని శాస్త్రమునకు వాహిక కాలేదు.

తెలుగున శాస్త్రము చెప్పువారు లేకపోలేదు. 1906లో అదే హైదరాబాదు నగరమున విజ్ఞానచంద్రికా మండలి పుట్టినది. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము ఆ మండలి ప్రచురణమే. కాని 1908లో మండలి మద్రాసునకు తరలిపోయినది. ఆ నగరమున అనువాదశాఖ నెలకొనునాటికి ఈ తెలుగు కృషి యచట లేదు. ఈ రెండును ఒక్కచోట కలిసియుండిన, జ్వరకాలమున పల్లెల కందదగిన చిన్న పుస్తకములకు తావుండెడిదని నా యభిప్రాయము.

1948 తరువాత ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చినది. తెలుగు అకాడమి 1968లో గాని ఏర్పడలేదు. విద్యార్థులను గ్రామసేవకు పంపు జాతీయ సేవాపథకము 1969లో 37 విశ్వవిద్యాలయములలో మొదలైనది. ఈ ప్రాంతపు పాలమూరు విశ్వవిద్యాలయము 2008లో వెలసినది. మరుసటి యేట, 2009 మే నెలలో, దేశమునందలి మొదటి స్వైన్ ఫ్లూ రోగి హైదరాబాదుననే గుర్తింపబడెను.

ఏటి కవతల కర్నూలు వైద్యకళాశాల 1957లో, అనగా ఆసియా ఫ్లూ మద్రాసు రేవున దిగిన యేటనే, ప్రారంభమైనది. నేడును అలంపురమువారు పెద్ద జబ్బు చేసినచో ఆ యాసుపత్రికే పోవుదురు. అచట వైద్యుడు రోగితో తెలుగుననే మాటాడును. తాను చదివిన పాఠము మాత్రము ఆంగ్లములోనిది.